బొమ్మలో లేని పనిచోటు

1994 సెప్టెంబరు చివరి వారంలో మన పత్రికల మొదటి పేజీల్లో ఒకే రకం ఫొటో మళ్లీ మళ్లీ వచ్చింది. సూరత్ రైల్వే స్టేషన్, ముక్కూ నోరూ మూస్తూ కట్టుకున్న చేతిరుమాళ్లు, నెత్తిన మూటలు, చంకన పిల్లలు, రైలు తలుపుల దగ్గర తోపులాట. ప్లేగు వచ్చిందన్న వార్త పుట్టిన కొద్ది రోజుల్లోనే లక్షలమంది ఊరు విడిచారు. అధికారిక లెక్కల్లో మరణాలు యాభై పైచిలుకే గాని, భయానికి లెక్కలతో పనేముంది? మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు ఆ ఊరిని ఊడ్చి కడిగించి దేశంలోని శుభ్రమైన నగరాల వరసలో నిలబెట్టిన కథ మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత పేరు రాని సంగతి ఇంకొకటుంది. ఆ స్టేషన్ ఫొటోల్లో రోగభయం ఉంది, పారిపోవడం ఉంది. ఆ పారిపోతున్నవాళ్లు అంతకు ముందురోజు దాకా ఏ షెడ్డులో నిలబడ్డారు, ఏ సానచక్రం ముందు కూర్చున్నారు, ఎవరి కింద పనిచేశారు అన్నది మాత్రం లేదు. కెమెరా సూరత్ కూలిని చూసింది అతను పని వదిలేసి వెళ్లిపోతున్నప్పుడు. ఇది ఆ ఒక్క వారంలో విలేకరులు చేసిన పొరపాటని సరిపెట్టుకోవడం కుదరదు. సూరత్ ప్రాంతపు శ్రమజీవిని బొమ్మగా చూపినవాళ్లు నూటముప్ఫై ఏళ్లకు పైగా అతన్ని పనిచోటు నుంచి విడదీసే చూపుతూ వచ్చారు. ఢిల్లీకి చెందిన రవి అగర్వాల్ 1997 నుంచి 2000 దాకా దక్షిణ గుజరాత్‌లో తీసిన ఫొటోలు ఆ అలవాటును తప్పించాయి కాబట్టే వాటికి ఒక చరిత్ర పత్రం స్థాయి వచ్చిందని నా వాదన.

విడదీయడం అన్నమాట అలంకారానికి వాడింది కాదు, మొదట్లో అది అక్షరాలా కత్తెర పని. బొంబాయిలో ఫొటోగ్రఫీ చేసిన విలియం జాన్సన్ 1863లోనూ 1866లోనూ రెండు సంపుటాలు అచ్చువేశాడు. బొంబాయి నివాసులు, ఆ ఊరికి వచ్చిపోయేవాళ్లు, వాళ్ల జాతులు, తెగలు అన్నది విషయం. గుజరాత్ నుంచి వచ్చిన నాగర బ్రాహ్మణ స్త్రీలు, వల్లభాచార్య మహరాజులు అందులో కనిపిస్తారు. మనుషుల్ని ఒకచోట నిలబెట్టి ఫొటో తీసి, ఆ బొమ్మలను ఇంకోచోట తీసిన దృశ్యం మీదికి ఎక్కించి, రెండూ కలిపి అచ్చుతీయడం జాన్సన్ పద్ధతి. వెనక గుడి, ఏరు, చెట్లు ఉంటాయి. ముందు నిలబడ్డ మనుషుల కాళ్లు మాత్రం ఆ నేల మీద ఆనినట్టు ఉండవు. అప్పటి కెమెరాకు మనిషి కదలకుండా నిలబడాలి, స్టూడియో వెలుగు కావాలి, అందుకే అలా చేశాడనడంలో నిజం ఉంది. కానీ ఆ ఇబ్బందికి జాన్సన్ ఎంచుకున్న పరిష్కారమే మనకు ముఖ్యం. వేషం, తలపాగా, నగ, కులం పేరు నిలిస్తే మనిషి సమాచారం పూర్తయిందని ఆయన అనుకున్నాడు. ఎక్కడ నిలబడ్డాడన్నది తర్వాత అతికించుకోదగ్గ వివరం అయిపోయింది. రేవుపట్నంగా సూరత్ వెలుగు అప్పటికే బొంబాయికి తరలిపోయింది. దాని వెంట వెళ్లినవాళ్లలో వ్యాపారులకు చరిత్ర మిగిలింది, బరువులు మోసినవాళ్లకు కనీసం ఒక నేపథ్యమైనా మిగల్లేదు.

తర్వాత డెబ్బై అయిదేళ్లకు అదే సూరత్ జిల్లాలో శ్రమను గౌరవించాలన్న సంకల్పంతోనే బొమ్మలు వేశారు. 1938 ఫిబ్రవరిలో తాపీ నది ఒడ్డున హరిపురాలో సుభాష్ చంద్రబోస్ అధ్యక్షుడిగా కాంగ్రెస్ మహాసభ జరిగింది. గాంధీ పిలుపు మీద నందలాల్ బోస్ ఆ సభాప్రాంగణం కోసం పటాలు వేశారు. శాంతినికేతన్ కళాభవన్‌లోని ఆయన శిష్యులు తీసిన నకళ్లతో కలిపి అవి నాలుగు వందల దాకా అయ్యాయి. చేతికాగితం, మట్టిరంగులు, ఒక్క ఊపులో లాగిన లావాటి కుంచె గీత, బొమ్మ చుట్టూ గూటి ఆకారంలో కమాను. డోలు వాయించేవాడు, నాగలి పట్టిన రైతు, వడ్లు దంచే స్త్రీలు ఆ గూళ్లలో ఉత్సవ విగ్రహాల్లా ఉంటారు. పల్లెజనం దారిన పోతూ చూడాలని వాటిని బయట వేలాడదీశారు. మన చిత్రకళలో కష్టజీవికి అంతకు మించిన మర్యాద దక్కిన సందర్భాలు తక్కువ. అయినా ఆ నాగలి బొమ్మ వేలాడిన చోటును గుర్తుచేసుకుంటే ఒక చిక్కు వస్తుంది. చుట్టుపక్కల బార్డోలీ ప్రాంతంలో నాగలి దున్నేవాడిని హాళీ అనేవారు. పెళ్లి ఖర్చుకు అనావిల్ బ్రాహ్మణ ఆసామి దగ్గర తెచ్చుకున్న అప్పు కింద తను పొలంలో, భార్య ఆసామి ఇంట్లో చాకిరీ చేయాలి. అప్పు తీరేది కాదు, ఆ చాకిరీ కొడుక్కి సంక్రమించేది. మన వెట్టిని తలుచుకుంటే సరిపోతుంది. దుబ్లా అన్న పాత కులం పేరు నీచంగా ఉందని గాంధీ వాళ్లకు హలపతి అని పేరు పెట్టారంటారు. హలానికి పతి అన్నమాట. పొలం అతనిది కాదు, ఎద్దులు అతనివి కావు, చివరికి హలమూ అతనిది కాదు. 1928 నాటి బార్డోలీ సత్యాగ్రహం శిస్తు కట్టే రైతుల పోరాటం. శిస్తు కట్టడానికి సెంటు భూమి కూడా లేనివాడికి అందులో పాత్ర దొరకడం కష్టమే. నందలాల్ గూటిలో నిలబెట్టింది వృత్తిని. ఆ గూటి కమాను అవతలే ఆసామి ఇల్లు, అప్పు చిట్టా ఉండిపోయాయి. దేవుడి గూటికి కిటికీ ఉండదు కదా.

ఆ అప్పు చిట్టా సంగతి వివరంగా రాసినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రేమన్. 1962లో సూరత్ చుట్టుపక్కల పల్లెల్లో పరిశోధన మొదలుపెట్టి, దశాబ్దాల తరబడి అవే ఊళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లాడు. హాళీ వ్యవస్థ ఎలా సడలిందో, దాని స్థానంలో కాలు ఒకచోట నిలవని కూలి ఎలా పుట్టుకొచ్చాడో 1974, 1985, 1996లలో వచ్చిన పుస్తకాల్లో వరసగా చెప్పాడు. ఆసామి కట్టు తెగింది గాని పనికి హామీ రాలేదు. హలపతులు ఇటుక బట్టీలకు, ఉప్పు కయ్యలకు పోతుంటే, వాళ్ల ఊళ్ల చెరకు నరకడానికి ఖాందేశ్ నుంచి ఇంకొకరు దిగుతున్నారు. ఈ అధ్యయనానికి ఫొటోగ్రాఫరుగా తోడయిన రవి అగర్వాల్ 1958లో పుట్టినవాడు. చదివింది ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్. ఉద్యోగం వదిలి కెమెరాను, పర్యావరణ ఉద్యమాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. విషరసాయనాలు, ఆసుపత్రి చెత్త వంటి సమస్యల మీద పనిచేసే టాక్సిక్స్ లింక్ సంస్థ ఆయన స్థాపించిందే. సూరత్‌కు రాకముందే ఢిల్లీ వీధుల్లో పనిచేసుకునేవాళ్ల ఫొటోలు తీసి ఉన్నాడు. దక్షిణ గుజరాత్ ఫొటోలు, బ్రేమన్, అరవింద్ నారాయణ్ దాస్‌ల రచనతో కలిసి 'డౌన్ అండ్ అవుట్' పేరుతో 2000లో పుస్తకంగా వచ్చాయి. దాస్ అదే ఏడాది కన్నుమూశారు. చెత్త ఎక్కడ పుట్టి ఎక్కడ చేరుతుందో వెంటపడి చూసే మనిషి ఈ ఫొటోలు తీశాడన్నది నా దృష్టిలో చిన్న విషయం కాదు. అలాంటివాడికి ముఖం కన్నా ముందు చోటు కనిపిస్తుంది.

చోటు ఎందుకంత ముఖ్యమో చెరకు చేల దగ్గర తేలిగ్గా తెలుస్తుంది. బార్డోలీ చుట్టూ రైతుల సహకార చక్కెర మిల్లులున్నాయి. గానుగ సీజను వానలు వెనకబట్టాక మొదలై ఎండాకాలం దాకా సాగుతుంది. పని లెక్కకు అక్కడ ప్రమాణం మనిషి కాదు, కోయ్‌తా. కోయ్‌తా అంటే చెరకు నరికే కత్తి. ఆ కత్తి పట్టిన మగమనిషి, నరికిన గడ ఆకు దూసి మోపు కట్టే భార్య, మోపులు మోసే పిల్లవాడు, అందరూ కలిపి లెక్కలో ఒక్క కోయ్‌తా. వాళ్లను తెచ్చేది ముకద్దం, మన పాలమూరువాళ్ల మాటలో గుంపు మేస్త్రీ. వానాకాలంలో, ఇంట్లో గింజ లేని రోజుల్లో అడ్వాన్సు ఇచ్చి పేరు రాసుకుంటాడు. ఊళ్లోనే కూలీలుండగా మిల్లులు దూరపువాళ్లను ఎందుకు తెస్తాయన్న ప్రశ్నకు బ్రేమన్ 1978లోనే జవాబు చెప్పాడు. స్థానికుడు సాయంత్రం ఇంటికి పోతాడు. జ్వరం వస్తే రాడు, పండక్కి రాడు. పరాయి చోట రోడ్డు పక్కన గుడిసె వేసుకున్నవాడు అర్ధరాత్రి లారీ వచ్చినా లేచి ఎత్తాలి, అతనికి పోవడానికి ఇంకో ఇల్లు లేదు. ఇది రాసి చెబితే ఒక వాదన. పొయ్యి రాళ్లు, పరిచిన గుడ్డలు, పసిపిల్ల, నరికిన చెరకు, లారీ చక్రం పది అడుగుల దూరంలో కలిసి ఉన్న చోటును చూపితే అది కంటి ముందరి వాస్తవం. ఇల్లు, పని వేరు కాని ఆ స్థితిని ముఖం మీదికి జూమ్ చేసిన ఫొటో చెప్పలేదు. కన్నీటి బొట్టు దొరుకుతుంది, లారీ దొరకదు.

మరమగ్గాల దగ్గరికి వస్తే ఇదే సంగతి చట్టం దాకా పోతుంది. ఉధ్నా, పాండేసరా, కతార్‌గామ్ వంటి పేటల్లో రేకుల కప్పుల కింద మగ్గాలు ఎంత దగ్గరగా ఉంటాయంటే, రెండు వరసల మధ్య మనిషి ఒళ్లు పక్కకు తిప్పి నడవాలి. పన్నెండు గంటల షిఫ్టు. ఒక మనిషి నాలుగు, ఆరు, ఒక్కోచోట అంతకు మించి మగ్గాలు చూసుకోవాలి. పడుగు పోగు తెగితే వంగి ముడివేయాలి, కండె అయిపోతే మార్చాలి, నేసిన మీటర్లకే కూలి. చప్పుడుకు మాట వినపడదు గనక సైగలతోనే పని. ఫ్యాక్టరీల చట్టం 1948లో రాసిన ప్రకారం కరెంటు వాడే చోట పదిమంది పనివాళ్లుంటే అది ఫ్యాక్టరీ కింద లెక్కయ్యేది. పని గంటలకు హద్దు, సెలవు, హాజరు పట్టీ అన్నీ దాని వెంట వచ్చేవి. అవి తప్పించుకోవడానికి ఒకే కప్పు కింది మగ్గాలను అన్న పేరున కొన్ని, వదిన పేరున కొన్ని, బావమరిది పేరున కొన్ని రాయించడం సూరత్‌లో పాత ఉపాయం. కాగితం మీద నాలుగు కుటీర పరిశ్రమలు, లోపలికి అడుగుపెడితే ఒకే హాలు. ఈ రెండింటిలో ఏది నిజమో ప్రభుత్వ రిజిస్టరు చెప్పదు, రిజిస్టరే అబద్ధం కాబట్టి. గోడ నుంచి గోడకు హాలంతా పట్టేలా తీసిన ఒక ఫొటో చెబుతుంది. హాజరు పట్టీ, వేతన చీటీ, గుర్తింపు కార్డు లేని చోట పనిచేసే మనిషి ఫలానా చోట పనిచేశాడని చెప్పగల కాగితం చాలాసార్లు ఫొటో కాగితమే అవుతుంది. వజ్రాల సంగతీ కొంత ఇలాంటిదే. ఘంటీ అనే సానచక్రం చుట్టూ నలుగురేసి కూర్చుని రాయి సానపడతారు, కూలి రాయి లెక్కన. వాళ్లకు ఊళ్లో వాడుక పేరు రత్నకళాకారులు. కళాకారుడికి ఓవర్‌టైమ్ అడిగే అలవాటుండదని ఆ పేరు పెట్టినవాళ్లకు తెలిసే ఉంటుంది.

ఈ వాదనకు రాగల అభ్యంతరాల్లో బరువైనది, ఈ ఫొటోలు బ్రేమన్ పుస్తకాలకు బొమ్మలు మాత్రమేనన్నది. ముప్ఫై అయిదేళ్ల పరిశోధన లేకపోతే చెరకు చేలో గుడిసె గుడిసెగానే కనిపించేది, దాని వెనక ముకద్దం అడ్వాన్సు ఎవరికి తెలిసేది? నిజమే. అప్పు ఫొటోలో పడదు. మీటరు కూలి ఎంతో పడదు, కూలిలో కోత పడదు. అమెరికాలో లూయిస్ హైన్ 1908 నుంచి బాలకార్మికుల ఫొటోలు తీసినప్పుడు ఈ ఇబ్బంది గుర్తించే, పిల్ల వయసు, పని గంటలు, కూలి అడిగి రాసుకునేవాడు. ఎత్తు తెలియడానికి తన కోటు బొత్తాల్లో ఏది నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో ముందే కొలిచి పెట్టుకున్నాడు. రాత లేని ఫొటో సాక్ష్యంగా నిలవదని ఒప్పుకోవడంలో ఫొటోకు చిన్నతనం లేదు. కానీ రాతకూ ఆ లోటు ఉంది. ఎన్ని సర్వేలు చేసినా కూలి చెప్పిన మాటకు ఎదురుగా యజమాని మాట నిలబడుతుంది. మా దగ్గర ఎనిమిది మందే అని అతను అంటాడు. ఆ హాలు ఫొటోకు ఎదురుగా ఆ మాట నిలబడడం కష్టం. అప్పును రాత చూపుతుంది, చోటును ఫొటో చూపుతుంది, ఒకటి ఇంకొకదానికి పనిమనిషి కాదు. ఇందులోనే ఇంకో చిక్కుంది. షెడ్డు తలుపు తీయాల్సింది యజమాని, కాబట్టి లోపలి ఫొటో ఎంతో కొంత అతని అనుమతి మేరకే ఉంటుంది. ఫొటోలో ముఖం గుర్తుపడితే రేపు పని పోయేది కూలికే. ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. చోటును ప్రధానం చేసిన ఫొటోలో ముఖం మీద భారం కొంత తగ్గుతుందని మాత్రం చెప్పగలను.

రెండో అభ్యంతరం గ్యాలరీ గురించి. ఈ ఫొటోలు 2002లో జర్మనీలోని కాసెల్‌లో జరిగిన పదకొండో డాక్యుమెంటా కళాప్రదర్శనకు వెళ్లాయి. నైజీరియాలో పుట్టిన ఓక్వుయి ఎన్వెజర్ దాన్ని నిర్వహించాడు. యూరప్ ధనికులు తెల్లగోడల మధ్య సూరత్ కూలిని చూసి నిట్టూర్చి కాఫీకి వెళ్లిపోతే ఎవరికి లాభం అని అడగడం సబబే. కాసెల్‌లో వేలాడినందువల్ల పాండేసరాలో షిఫ్టు ఒక్క గంట తగ్గలేదు. అయితే గ్యాలరీకి వెళ్లడమే తప్పయితే ఆ నేరం సూరత్ చీరకూ, సూరత్ వజ్రానికీ ఉంది. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది ఆ ఊళ్లోనే తయారై పరాయి దేశాల అద్దాల బీరువాల్లోకి వెళుతున్నాయని చెబుతారు. వస్తువు వెళ్లిన దారిలోనే దాన్ని చేసిన చోటు బొమ్మ కూడా వెళ్లడం న్యాయంగానే ఉంది. అసలు పోల్చవలసింది ఫొటోగ్రాఫర్ సెబాస్టియో సల్గాడోతో. ఆయన 'వర్కర్స్' 1993లో వచ్చింది. చేతి శ్రమ యుగం ముగిసిపోతోందన్న వీడ్కోలు స్వరం అందులో ఉంటుంది, వెలుగునీడల్లో మనుషులు శిల్పాల్లా నిలుస్తారు. గొప్ప పుస్తకమే. కానీ సూరత్‌లో ముగిసిపోయిందేమీ లేదు. 1991 జనగణనలో పదిహేను లక్షలున్న నగరం 2011 నాటికి నలభై నాలుగు లక్షలు దాటింది. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి దొరికింది చేతి పనే. పెరుగుతున్నదానికి వీడ్కోలు పాడకూడదు, ఎక్కడ పెరుగుతోందో చూపాలి.

సూరత్‌కు ఇలా వచ్చినవాళ్లలో తెలుగువాళ్ల వాటా తక్కువేమీ కాదు. చేతిమగ్గం చితికిపోయిన కాలంలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి పద్మశాలీలు సోలాపూర్, భివండీ, సూరత్ దారి పట్టారు. సూరత్ లింబాయత్ ప్రాంతంలో వాళ్ల వాడలున్నాయి. ఆ ఊరి మునిసిపాలిటీ గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బడులతో పాటు తెలుగు మాధ్యమం బడులు కూడా నడిపిందంటే ఎన్ని కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయో ఊహించుకోవచ్చు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. నాడె పోయి సాంచా వచ్చాక నేత పని కులవృత్తి నుంచి షిఫ్టు కూలీగా మారిన తీరు మన దగ్గర ఆత్మహత్యల వార్తలుగా మాత్రమే ఎక్కువమందికి తెలిసింది. సిరిసిల్లలోనూ జరిగింది ఇదే. చనిపోయిన నేతగాడి ఇల్లు, ఏడుస్తున్న భార్య, గోడ మీద దండ వేసిన పటం పత్రికల్లో వచ్చాయి. అతను పనిచేసిన సాంచాల షెడ్డు, నూలు ఇచ్చి గుడ్డ తీసుకున్న సేటు గోదాము రాలేదు. పాలమూరు కూలీల విషయంలోనూ బస్సెక్కే గుంపులు ఎన్నోసార్లు ఫొటోలయ్యాయి, వాళ్లు తవ్విన కాలువ గట్టు మీద వేసుకున్న గుడారాలు చాలా తక్కువసార్లు. దుఃఖం ఫొటోకు సులువుగా లొంగుతుంది. ఉత్పత్తి లొంగదు, దానికి తలుపులుంటాయి, కాపలా ఉంటుంది.

2000 తర్వాత అగర్వాల్ కూలీలను వదిలేసి నదుల మీద పడ్డాడని కొందరికి అనిపించవచ్చు. 2004లో ఢిల్లీలో యమునా పుష్తా వాడలను కూల్చేసిన రోజుల నుంచి ఆయన యమునను ఫొటో తీశాడు, తన ఒంటికే తెల్లగుడ్డ చుట్టుకుని ఆ నది ఒడ్డున నిలబడి తన ఫొటో తానే తీసుకున్నాడు, తర్వాత తమిళనాడు తీరంలో జాలరుల సముద్రం దగ్గరికి వెళ్లాడు. నాకు అందులో తెగిన దారం కనపడదు. సూరత్‌లో పనిచోటుగా కనిపించింది యమున ఒడ్డున వాడగా, సముద్రం మీద వేటచోటుగా కనిపించింది. మనిషిని అతని చోటు నుంచి లేపితే ఏమవుతుందన్నదే మూడింటి సంగతీ. సూరత్‌లో అది ఎలా ఉంటుందో 2020 కోవిడ్ లాక్‌డౌన్ మళ్లీ చూపింది. ఆ ఏప్రిల్‌లో లస్కానాలో, వరాఛాలో ఇంటికి పంపమని కూలీలు రోడ్డెక్కారు. దేశమంతా నడిచిపోతున్నవాళ్ల ఫొటోలతో నిండిపోయింది. 1994లో లాగే ఈసారి కూడా రోడ్డు కనిపించింది, షెడ్డు కనిపించలేదు. వలస కూలీ అన్న పేరు స్థిరపడిపోయింది, సూరత్ నేతకూలీ అన్న మాట ఎవరి నోటా రాలేదు. గంజాం నుంచి వచ్చిన ఒడియా నేతకూలీలు ఉండేది మెస్ గదుల్లో. వరసగా పరుపులు, గోడకు మేకులు, మేకులకు సంచులు. పగలు షిఫ్టువాడు లేచి వెళితే రాత్రి షిఫ్టువాడు వచ్చి అదే పరుపు మీద పడుకుంటాడు, పక్షానికో నెలకో ఒకసారి షిఫ్టులు మారుతాయి. పగలు తీసినా రాత్రి తీసినా ఆ గది ఫొటోలో ఉండేది సగంమందే. మగ్గాలు ఆగిపోయిన ఆ వారాల్లో అదే పరుపు మీద ఇద్దరూ ఒకేసారి కూర్చున్నారు.